అచ్చులో పడ్డ మాట

సాక్ష్యాలు నాలుగున్నాయని చెప్పి షాపాయన నాలుగింటినీ గాజు కౌంటరు మీద వరసగా పరిచాడు. గడియారాల వ్యాపారం కదా, వరస తప్పితే ఆయనకి చెయ్యి ఊరుకోదు. కాగితాల అంచులు కౌంటరు అంచుకి సమంగా సర్ది, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, అప్పుడు మాట్లాడాడు.

"ఇంక మీరు ఊఁ అనడమే తరువాయి మేడమ్. ఆదివారం పెయింటరు పేర్లు రాయడం మొదలుపెడతాడు."

మేడమ్ ఊఁ అనలేదు. చేతిసంచీలోంచి భూతద్దం తీసి, రుమాలుతో తుడిచి, మొదటి కాగితం మీద పెట్టింది. రికార్డు రూములో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన ఆవిడని ఊళ్ళో అందరూ భూతద్దం అనే పిలుస్తారు. వెక్కిరింతగా మొదలైన పేరే అది. కానీ ముత్తాత ఎవరో తేల్చాలన్నా, రెండు కుటుంబాల మధ్య చుట్టరికం ఉందో లేదో చెప్పాలన్నా ఊరు ఆవిడ గుమ్మమే తొక్కుతుంది కాబట్టి, ఆ పేరు వింటే ఇప్పుడు ఆవిడకి కొంచెం గర్వంగానే ఉంటుంది. తను తేల్చిన మాట తప్పిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అనలేదన్న సంగతి ఆవిడకి బాగా గుర్తు కూడా.

షాపు పెట్టి ఎనభై ఏళ్ళయింది. ఆ సందర్భంగా కౌంటరుకి ఎదురుగా ఉన్న పొడుగాటి గోడ మీద కుటుంబం మొత్తాన్ని ఒక చెట్టుగా వేయించాలని షాపాయన సంకల్పం. చెట్టు మొదలు దగ్గర షాపు పెట్టిన తాతగారు, ఆయన ఇద్దరు భార్యలు, కొమ్మల్లో పిల్లలు, మనవలు. గోడకి తెల్లరంగు వేసి పెన్సిలు గీతలు కొట్టడం కూడా అయిపోయాక, సోమవారంనాడు, షాపు వెనక బల్ల దగ్గర కూర్చుని పనిచేసే పెద్దావిడ వచ్చి ఒక మాట అడిగింది. తాతగారి కూతురిగా తన పేరు కూడా ఆ గోడ మీద వెయ్యమంది.

షాపాయన గొంతు తగ్గించాడు. "యాభై ఏళ్ళకి పైగా ఆ బల్ల దగ్గరే ఉంది. స్ప్రింగు మార్చాలంటే ఈ చుట్టుపక్కల ఆవిడ తర్వాతే ఎవరైనా. ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి అడిగింది. కాదనడానికి నాకు నోరు రావట్లేదు. కానీ గోడ మీద ఉన్నది ఉన్నట్టు వెయ్యాలి కదా. తాతగారి కూతురు చిన్నప్పుడే పోయింది. ఆ దిగులుతో ఈవిణ్ణి ఎక్కణ్ణించో తెచ్చి పెంచుకుని, పోయిన పిల్ల పేరే పెట్టుకున్నారు. ఇంటిల్లిపాదికీ తెలిసిందే ఇది. మీరు రాసిచ్చారనుకోండి, కాగితం కాదన్నట్టు ఉంటుంది, నేను కాదన్నట్టు ఉండదు."

"అంటే కత్తి నా చేతిలో పెడుతున్నారు."

"అలా అంటే ఎలాగండీ," అని నవ్వేశాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డపేరు అంటే భయం, అంతే.

షాపులో అందరూ స్ప్రింగమ్మ అని పిలిచే ఆ పెద్దావిడ వెనక బల్ల మీదకి వంగి ఉంది. కంటికి నల్ల గొట్టం అద్దం బిగించుకుని, సన్నటి పట్టకారుతో ఒక చేతిగడియారం పొట్టలోంచి ఏదో తీస్తోంది. డెబ్భై ఆరేళ్ళ చెయ్యి. వణుకు లేదు. ముందు జరుగుతున్న మాటలు ఆవిడకి వినిపిస్తున్నాయో లేదో గానీ తల మాత్రం ఎత్తలేదు.

భూతద్దం కాగితాలు చూసింది. మొదటిది తాతగారు పోయినప్పుడు, ఇరవై రెండేళ్ళ కిందట, షాపాయన తండ్రి వేయించిన స్మారక సంచిక. అందులో వంశవృక్షం కట్టింది ఆవిడే. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఆ సంగతి అచ్చయింది. రెండోది పిల్ల సమాధి రాయి ఫొటో. మూడోది దూరపు ఊళ్ళో ఉంటున్న షాపాయన పెదనాన్న కొడుకు వరసాయన కంప్యూటరులో కట్టి పంపిన పట్టిక. నాలుగోది ఇంట్లో చెప్పుకునే మాట. దాన్ని షాపాయన స్వయంగా ఒక పేజీలో రాసి కింద సంతకం పెట్టాడు. నాలుగూ ఒక్కటే చెబుతున్నాయి. తాతగారికి ఒక్కతే కూతురు, నాలుగేళ్ళ వయసులో జ్వరంతో పోయింది.

"ఇంత చక్కగా కలిసే సాక్ష్యాలు నాకు నచ్చవు," అంది భూతద్దం.

షాపాయన మొహం పడిపోయింది. "కలిస్తే మంచిదే కదండీ."

"కళ్ళారా చూసిన నలుగుర్ని అడగండి. ఒకడు జ్వరమంటాడు, ఇంకోడు విరేచనాలంటాడు. ఒకడు మూడేళ్ళంటాడు, ఇంకోడు ఐదంటాడు. తలా ఒక రకంగా చెబితే అక్కడ నిజంగా ఏదో జరిగిందని నేను నమ్ముతాను. నలుగురూ ఒకే పాఠం అప్పజెప్పారంటే అందరూ చదివింది ఒకే పుస్తకం."

"ఆ పుస్తకం మీదేగా అమ్మా," అన్నాడు పెయింటరు నిచ్చెన మీంచి. చెవిలో పెన్సిలు, నోట్లో వక్కపొడి. అందరూ నవ్వారు. భూతద్దం కూడా నవ్వింది.

"నాది రిజిస్టరు చూసి రాసింది నాయనా. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకాన్ని కాదు. రేపు పొద్దున్నే వెళ్ళి ఆ రిజిస్టరే మళ్ళీ తీయిస్తాను."

గురువారం పదిగంటలకి రికార్డు రూము తలుపు తీసేటప్పటికే ఆవిడ గుమ్మంలో ఉంది. ఆవిడ కింద పన్నెండేళ్ళు పనిచేసిన గుమాస్తా ఇప్పుడు అక్కడ పెద్ద. జుట్టు నెరిసినా, ఆవిణ్ణి చూస్తే చొక్కా గుండీ సర్దుకోవడం మానలేదు. మరణాల రిజిస్టరు తెచ్చి బల్ల మీద మెత్తటి దిండు వేసి పెట్టాడు. అంత పాత పుస్తకాన్ని బల్ల మీద పరిస్తే వెన్ను విరుగుతుంది. దిండు మీద పెట్టి, సగం తెరిచే చదవాలి. ఆ పద్ధతి నేర్పింది ఆవిడే. వరస కింద స్కేలు పెట్టి, వేలితో కాదు స్కేలుతోనే, గడి తర్వాత గడి దాటుకుంటూ పోవాలి. అదీ ఆవిడ నేర్పిందే.

ఎనభై ఏళ్ళ కిందటి పేజీలో ఆ పిల్ల దొరికింది. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, జ్వరం. వయసు రెండు.

స్కేలు తీసి మళ్ళీ పెట్టి చూసింది. రెండే. పై వరసలో వేరే వీధిలో పోయిన ఒక పిల్లాడికి నాలుగు అని ఉంది.

"ఇదిగో చూడవయ్యా," అంది, గుమాస్తాని దగ్గరికి పిలిచి. "ఎవరో మహానుభావుడు స్కేలు జార్చాడు. పై గడిలో నాలుగు కింద పిల్లకి అంటుకుంది. అదే నాలుగు రాతి మీదకి ఎక్కింది, కంప్యూటరులోకి ఎక్కింది, ఇంట్లోవాళ్ళ నోట్లోకీ ఎక్కింది. ఎప్పుడూ చెప్పేదాన్ని కదా, ఏమని?"

"తప్పు కలిసిందంటే తల్లి ఒకటే అని," అప్పజెప్పాడు గుమాస్తా.

"అదీ. నిజాన్ని నలుగురు నాలుగు దారుల్లో కనుక్కోవచ్చు. ఒకే తప్పుని నలుగురు విడివిడిగా చెయ్యలేరు. ఒకడు చేస్తాడు, మిగతా ముగ్గురూ చూసి రాస్తారు." ఆవిడకి ఉత్సాహం వచ్చేసింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాంటి దొంగని పట్టుకున్న రోజున మధ్యాహ్నం ఒక ముద్ద ఎక్కువ తినేది.

గుమాస్తా తల గోక్కున్నాడు. "కాకపోతే మేడమ్, ఈ రిజిస్టరు బయటివాళ్ళకి ఇవ్వం కదా. స్కేలు పెట్టి చదివేది మనవాళ్ళే కదా."

అతను ఏదో పట్టేద్దామని అన్న మాట కాదు. కానీ ఆవిడ చెయ్యి తనంతట తనే పుస్తకం చివరి అట్టకి పోయింది. పుస్తకం తీసిన ప్రతివాళ్ళూ తేదీ వేసి సంతకం పెట్టే చీటీ ఒకటి అక్కడ అతికించి ఉంటుంది. ఈ పుస్తకం ఎవరికీ అక్కర్లేని పుస్తకం. చీటీ మీద ఒకే ఒక్క సంతకం ఉంది. ఇరవై రెండేళ్ళ కిందటిది. సంతకం కింద గీత కూడా ఉంది, అప్పట్లో ఆవిడకి సంతకం కింద గీత గీసే సరదా ఉండేది.

గుమాస్తా కిటికీ అవతలకి చూడటం మొదలుపెట్టాడు.

ఆవిడ పుస్తకం మూసి, దిండుతో సహా గుమాస్తా చేతికిచ్చి, థాంక్స్ చెప్పి బయటికొచ్చింది. ఎండలో నడుస్తూ సమాధుల తోటకి పోయింది. తను అనుకున్నది తప్పని అక్కడైనా తేలుతుందేమోనన్న ఆశ. కాపలా ముసలాయన ఆ రాయి ఎక్కడుందో చూపించి, అడక్కుండానే చెప్పాడు: పాత రాయి మీద అక్షరాలు అరిగిపోతే, పెద్దాయన పోయిన మరుసటేడు కొడుకుగారు కొత్తది చెక్కించారట, చేతిలో ఏదో పుస్తకం పట్టుకొచ్చి, అందులో ఉన్నట్టే చెక్కమన్నారట. అక్కడి నుంచే దూరపు ఊరి పెదనాన్న కొడుక్కి ఫోను చేసింది. ఆయన తెగ సంబరపడ్డాడు. "మీ సంచికలోంచే ఎత్తానండి, అక్షరం మార్చలేదు," అన్నాడు.

ఇంటికొచ్చేటప్పటికి రెండున్నర. ఆవిడ భర్త, రిటైరైన డ్రిల్లు మాస్టారు, కంచాలు బోర్లించి పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఎవరి తాతగారు దొరికారు ఇవాళ?"

"తాతగారు కాదు, నేను దొరికాను." అన్నం కలుపుతూ జరిగింది చెప్పింది.

మాస్టారు విని, మజ్జిగ పోసుకుని, "దానికింత బాధా? నాలుగు కాదు రెండు. పిల్ల పోయిన మాటైతే నిజమేగా," అన్నాడు.

"పిల్ల పోయింది నిజమే. దాన్ని పట్టుకుని నలుగురు సాక్షులు అనుకున్నాం చూడండి, అది అబద్ధం. నలుగురూ నేనే. ఇంక మిగిలింది ఆ ఒక్క చావు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఇంకో ఆడపిల్ల పుట్టిందా, పోయినదాని పేరే దీనికీ పెట్టుకున్నారా అని నేను చూడలేదు. నాయనమ్మ పేరో ఎవరి పేరో నిలబెట్టాలని రెండోసారి పెట్టుకునేవాళ్ళు ఎంతమంది లేరు? నా చేత్తో ఎన్ని రాశాను అలాంటివి?"

"మరెందుకు చూడలేదు?"

"ఒకటి దొరికింది కదా అని పుస్తకం మూసేశాను." ముద్ద కంచంలోకి వదిలేసి అంది, "ఇంకా ఉంది. ఆ ఇంట్లో మూడు రోజులు కూర్చున్నాను. షాపాయన తండ్రిని అడిగాను, తల్లిని అడిగాను. వెనక బల్ల దగ్గర మనిషిని అడగలేదు."

మాస్టారు ఏమన్నా అనడానికి ముందు ఆలోచించే మనిషి కాదు. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికావన్నమాట," అన్నాడు. ఇంకో రోజైతే ఆవిడ పోట్లాడేది. ఆ రోజు కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

శుక్రవారం షాపు తెరవగానే వెళ్ళింది. షాపాయన ఎదురొచ్చి కుర్చీ లాగబోతే వద్దని, కౌంటరు పక్క చెక్కతలుపు ఎత్తుకుని తిన్నగా వెనక్కి పోయింది. బల్ల మీద తెల్లటి గుడ్డ, గుడ్డ మీద ముక్కలు ముక్కలుగా ఒక పాత చేతిగడియారం. పక్కనే పెట్రోలు గిన్నె, మెత్తటి కుంచె, స్ప్రింగు చుట్టే చిన్న ఇత్తడి మర.

"ఆ పీటకి ఒక కాలు పొట్టి. చూసుకుని కూర్చోండి," అంది స్ప్రింగమ్మ.

భూతద్దం చూసుకుని కూర్చుంది. "మిమ్మల్ని ఒక మాట అడగాలి."

"ఇరవై రెండేళ్ళు పట్టింది." కోపం లేదు ఆ గొంతులో. ఎవరో టైమెంతని అడిగితే చెప్పినట్టు చెప్పింది. కంటి అద్దం తీసి గుడ్డ మీద పెట్టింది. "అప్పుడు మూడు రోజులొచ్చారు మీరు. ముందు గదిలో కూర్చున్నారు. రెండుపూటలా టీ నేనే తెచ్చాను. ఈ అమ్మ నన్ను కూడా ఏమైనా అడుగుతుంది కాబోలని చేతికున్న నూనె కడుక్కుని మరీ వచ్చేదాన్ని. మూడో రోజు కప్పు చేతికిస్తూ, పంచదార కొంచెం తగ్గించమన్నారు."

భూతద్దానికి అది గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే ఆవిడకి పెద్ద సిగ్గుగా అనిపించింది. క్షమించమనడం తేలికే. కానీ ఆదివారం లోపల పని తేలకపోతే ఆ మాటకి విలువ లేదని తెలిసి, పనిలోకే దిగింది.

"మిమ్మల్ని తెచ్చి పెంచుకున్నారన్న మాట మొట్టమొదట ఎప్పుడు విన్నారు?"

స్ప్రింగమ్మ స్ప్రింగుని మరలో ఎక్కించి నెమ్మదిగా తిప్పుతూ ఆలోచించింది. "మీ పుస్తకం వచ్చాక."

"అంతకు ముందు?"

"అంతకు ముందు ఎవరేమంటారు? ఆయన కూతుర్ని, అంతే. ఇదిగో ముందు కూర్చున్నవాడు, మీసాలొచ్చేదాకా నన్ను అత్తా అనే పిలిచాడు. పుస్తకం పంచాక చూసినవాళ్ళల్లా అడగడం మొదలెట్టారు, కూతురు పోయిందని ఉంది కదా, మరి ఈవిడెవరని. వీడి నాన్న మొదట్లో తెల్లమొహం వేసేవాడు. తర్వాత, తెచ్చి పెంచుకున్నారట అన్నాడు. కొన్నాళ్ళకి ఆ 'అట' కూడా పోయింది. ఇప్పుడు వీడు నన్ను ఏమని పిలవాలో తెలీక, ఇదిగో అంటాడు, అమ్మా అంటాడు, ఒక్కోసారి దగ్గుతాడు."

అయితే నాలుగో సాక్ష్యం కూడా పోయింది. ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారనుకున్న మాట వయసు ఇరవై రెండేళ్ళు. అది తన పుస్తకానికి పుట్టిన పిల్ల.

"మీరు కాదనలేదా?"

"అచ్చులో ఉంది కదమ్మా. చదువుకున్నావిడ రాసింది. నేను పుట్టింది అమ్మమ్మ ఊళ్ళో. నెలల పిల్లగా ఇక్కడికి తెచ్చారు. రెండో ఏట అమ్మ పోయింది, మళ్ళీ అమ్మమ్మ దగ్గరికి. తొమ్మిదో ఏట నాన్న వచ్చి తీసుకొచ్చాడు. అప్పటికి ఇంట్లో రెండో అమ్మ ఉంది, వీడి నాన్న పసివాడు. ఇదంతా అమ్మమ్మ చెప్పిందే, నాకు గుర్తున్నది కాదు. అమ్మ మొహమే గుర్తు లేదు. అచ్చులో చూశాక నాకే అనుమానం మొదలైంది. ముసలిది నా మనసు కష్టపెట్టలేక అలా చెప్పిందేమో అనుకున్నా. ఎవరో పోయిన పిల్ల పేరు తొడుక్కుని తిరుగుతున్నానేమో అనుకున్నా." మర ఆపింది. "మొన్న గోడకి తెల్లరంగు వేస్తుంటే చూశాను. వేశాక ఇంక చెరపరు కదా. ఒకసారి అడిగేద్దాం, కాదంటే కాదని తెలుస్తుంది అనిపించింది."

భూతద్దం అంతా ఒక కాగితం మీద రాసుకుంది. "మీ అమ్మమ్మ ఊరి రిజిస్టర్లు వరదలో పోయాయి, నాకు తెలుసు. ఇప్పుడే మీకు ఏ మాటా ఇవ్వలేను. మీరు చెప్పింది కూడా సాక్ష్యమే. దాన్నీ పరీక్ష చెయ్యాలి."

"చెయ్యండి. గడియారం సరిగ్గా నడుస్తోందా అని గడియారాన్నే అడగం కదా."

బయటికొచ్చి రోడ్డు మీద నిలబడి ఆవిడ ఆలోచించింది. ఆవిడకి ఆలోచన ఎప్పుడూ నిలబడే వస్తుంది. తొమ్మిదేళ్ళప్పుడు వచ్చిన పిల్ల గురించి బడి కాగితాలు దొరికినా లాభం లేదు. పెంచుకోడానికి తెచ్చారన్నా అవి సరిపోతాయి. కావలసింది తల్లి బతికుండగా, ఆ ఇంట్లో, నెలల పిల్లని కళ్ళతో చూసి రాసుకున్న మనిషి. కుటుంబంతో మంచీ చెడూ లేని మనిషి. అలాంటివాడు ఇంటి గుమ్మానికి ఎందుకొస్తాడు? సూది పట్టుకుని వస్తాడు. ఆ రోజుల్లో మశూచికి ఇంటింటికీ తిరిగి టీకాలు వేసేవాళ్ళు.

ఆరోగ్య శాఖ ఆఫీసు వెనక కొట్లో టీకాల రిజిస్టర్లు ఉన్నాయని ఆవిడకి తెలుసు గానీ, అవి ఏ స్థితిలో ఉన్నాయో ఎవరికీ తెలీదు. శుక్రవారం మిగతా రోజంతా విరిగిన తూకం యంత్రాలూ పాత మంచాలూ జరిపించడానికే పోయింది. శనివారం పదకొండింటికి, చెదలు మూడు పక్కలా తిని నాలుగో పక్క వదిలేసిన ఒక పుస్తకం దొరికింది. నీలి పెన్సిలుతో గజిబిజి రాత. ఆ రాత చూడగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అందంగా రాసిన పుస్తకాలంటే ఆవిడకి అనుమానం. అవి ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా ఎత్తి రాసినవి. ఇది నిలబడి రాసింది.

చిన్నపిల్ల పోయిన ఐదేళ్ళకి, అదే వీధి, అదే ఇంటి నంబరు, అదే తండ్రి పేరు, అదే పిల్ల పేరు. కూతురు, పదకొండు నెలలు. తల్లి ఎత్తుకుంది. చివరి గడిలో ఇరికించి రాసిన ముక్క: ఎడమ చేతికి కాలిన పుండు ఉంది, కుడి చేతికి వేశాను. ఎనిమిది రోజుల తర్వాతి తేదీ వేసి: రెండు పొక్కులూ లేచాయి.

వెంటనే నమ్మలేదు. నమ్మాలని మనసు తొందరపడుతున్నప్పుడే ఆగాలని ఆవిడకి మొన్న గురువారం తెలిసొచ్చింది. ఆ వీధిలో తనకి బాగా తెలిసిన మూడు ఇళ్ళ పిల్లల్ని అదే పేజీలో సరిచూసింది, కలిశాయి. తర్వాత స్కేలు పక్కన పెట్టేసి, కొట్టు తాళాలాయన్ని పిలిచింది. "నేనేం చదివానో చెప్పను. ఈ వరస మీరు చదవండి, నేను రాసుకుంటాను." ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక్కో ముక్కా చదివాడు. రెండు చదువులూ ఒకటే వచ్చాయి.

షాపులో ఆ మధ్యాహ్నం బేరాలు లేవు. పెయింటరు గోడ మీద కాండానికి గోధుమరంగు వేసుకుంటున్నాడు. భూతద్దం కాగితం సంచీలోంచి తియ్యకుండానే వెనక బల్ల దగ్గరికి పోయి, "మీ రెండు చేతులూ భుజం దాకా చూపిస్తారా," అంది. షాపాయన కూడా వెనకే వచ్చాడు.

స్ప్రింగమ్మ ఎందుకని అడగలేదు. ముందు ఎడమ రవిక చెయ్యి పైకి లాగి చూపింది. భుజం కింద చర్మం అరచెయ్యి మేర ముడతపడి, మెరుస్తోంది. తర్వాత కుడి చెయ్యి. రెండు గుండ్రటి పాత మచ్చలు.

"అందరికీ ఎడమ చేతికుంటే నాకు కుడి చేతికున్నాయి," అంది. "టీకాలాయనది ఎడమచేతి వాటం అనుకునేదాన్ని."

భూతద్దం కాగితం తీసి పైకి చదివింది. ఇంటి నంబరు దగ్గర్నించి పొక్కుల దాకా. స్ప్రింగమ్మ కుడి చేతి మచ్చల్ని వేలితో తడిమి చూసుకుంది. గోడల మీద గడియారాలు వాటి మాట అవి చెప్పుకుంటున్నాయి.

షాపాయన ముందుగా తేరుకున్నాడు. "బాగానే ఉంది మేడమ్. కానీ అవతల నాలుగున్నాయి, ఇది ఒక్కటి. అందులోనూ పెన్సిలు రాత. మీ పుస్తకం మీరే కాదంటే..."

"అవతల నాలుగు లేవు. ఒక్కటే ఉంది. అది నేను." తన గొంతులో తడబాటు లేనందుకు ఆవిడకే ఆశ్చర్యమేసింది. "మీ నాన్నగారు నా పుస్తకం చూసి రాయి చెక్కించారు. మీ అన్నయ్యగారు నా పుస్తకం చూసి పట్టిక కట్టారు. పెంచుకున్నారన్న మాట నా పుస్తకం చదివినవాళ్ళకి జవాబు చెప్పలేక పుట్టింది. పోయిన పిల్ల వయసు రెండేళ్ళైతే నేను నాలుగని రాశాను, ఆ నాలుగే మీ నలుగురి దగ్గరా ఉంది, చూసుకోండి. నేను పుస్తకం కట్టింది జరిగిన అరవై ఏళ్ళకి. ఈయన రాసింది పిల్ల చెయ్యి పట్టుకుని. ఆ పేజీలో ఆ రోజు అరవై ఇళ్ళున్నాయి, ఎవరి కూతురు ఎవరని అబద్ధమాడటానికి ఆయనకి తీరిక కూడా లేదు. ఇంక ముంజేతి కంకణానికి అద్దమెందుకు, మనిషే ఎదురుగా ఉంది."

సంచీలోంచి ఇంకో కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఇరవై రెండేళ్ళ కిందట తను కట్టిన వంశవృక్షం తప్పనీ, ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో, ఎవర్ని అడక్కుండా వదిలేసిందో వివరంగా ఉంది అందులో. అడుగున సంతకం ఉంది, కింద గీత లేదు. షాపాయన అది చదివి, మడిచి, విప్పి, మళ్ళీ చదివాడు.

"మా నాన్నకి తెలుసంటారా? తెలిసీ చెప్పలేదంటారా?"

"దానికి ఆధారం లేదు. లేనిదాన్ని నేను చెప్పను. ఒకసారి చెప్పినందుకే ఇంత దూరం వచ్చింది."

ఆయన కాగితం జేబులో పెట్టుకున్నాడు. తర్వాత బల్ల దగ్గరికి పోయి, పొట్టికాలు పీటని సంగతి తెలీనట్టు లాక్కుని కూర్చోబోయి, తూలి, బల్ల అంచు పట్టుకున్నాడు.

"అత్తా," అన్నాడు.

"పడతావు, సరిగ్గా కూర్చో," అంది స్ప్రింగమ్మ. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. కంటి అద్దం పెట్టుకోబోతే మాత్రం తడికి జారిపోయింది.

ఆదివారం పొద్దున గోడ దగ్గర అందరూ చేరారు. మాస్టారు కూడా వచ్చాడు, తన భార్య ఓడిపోయిన చోటు చూడాలని ఉందంటూ. కానీ ఆవిణ్ణి చూస్తే ఓడిపోయిన మనిషిలా లేదు. పొద్దున్నే లేచి, ఇన్నేళ్ళలో తను కట్టిన వంశవృక్షాల నకళ్ళన్నీ అటక మీంచి దింపించి, ఒక్కటొక్కటే మళ్ళీ రిజిస్టర్లతో సరిచూస్తానని ప్రకటించింది. నూట పద్దెనిమిది ఉన్నాయి. మాస్టారికి అప్పుడే నీరసం వచ్చింది.

పెయింటరు నిచ్చెనెక్కి, తాతగారి మొదటి భార్య కొమ్మ దగ్గర కుంచె ఆపాడు. పోయిన కూతురికని పెన్సిలుతో ఒక ఆకు గీసుంది. షాపాయన కింద నుంచి, "ఆ ఆకులో అత్త పేరు వేసెయ్. పేరు అదే కదా, పోయినట్టు ఉన్న గుర్తు మాత్రం తీసెయ్," అన్నాడు. తప్పు దిద్దేస్తున్నానన్న సంతోషంలో ఉన్నాడాయన.

"ఆగు," అంది స్ప్రింగమ్మ.

గోడ దగ్గరికొచ్చి ఆ ఆకు వంక చూసింది. "ఆ పిల్లని తీసెయ్యకండి. ఇన్నేళ్ళూ దాని చోట్లో నేను కూర్చున్నాననుకుని, దాని తలంపు వస్తే తప్పుకు తిరిగాను. సమాధి దగ్గరికి కూడా ఎప్పుడూ వెళ్ళలేదు. అది నాకు అక్క అవుతుందని నిన్నటిదాకా ఎవరూ చెప్పలేదు." పెయింటరు వైపు తిరిగింది. "దాని ఆకు దానికి ఉంచండి. నాకు కింద ఇంకోటి గియ్యండి."

షాపాయన తలూపాడు. భూతద్దం సంచీ తెరిచింది. ఆ పిల్ల వయసు రెండేళ్ళని ఒక చీటీ మీద రాసి, పెయింటరుకి అందించింది.

పెయింటరు మొదటి ఆకులో పేరు రాశాడు. దాని కింద ఇంకో ఆకు గీసి, అందులోనూ అదే పేరు మొదలుపెట్టబోయి వెనక్కి తిరిగాడు. ఇరవై ఏళ్ళుగా బోర్డులు రాస్తున్నవాడు, పనిలో మాట పడటం అతనికి పడదు.

"ఒకే పేరు రెండుసార్లు కిందా మీదా ఉంటే, వచ్చినవాడల్లా నేనేదో పొరపాటు చేశాననుకుంటాడు. ఇదేంటయ్యా ఇలా వేశారని రోజుకి పదిమంది అడుగుతారు."

"అడగనీ నాయనా," అంది స్ప్రింగమ్మ, తన బల్ల దగ్గరికి నడుస్తూ. "నేను ఇక్కడే కూర్చునుంటాను కదా. పైది మా అక్క అని చెబుతాను."